మూడో పట్టిక

శుక్రవారం సాయంత్రం టెమా హార్బరు గేటు దగ్గర
అక్రా వెళ్ళే ట్రోట్రో ఎక్కుతాను.
చేతులకింకా చేపల వాసన.
నిమ్మచెక్క రుద్దాను, నల్ల సబ్బు రుద్దాను,
పోదు. పోనీ.
తరగతిలో నా పక్క కుర్చీ సెలోర్మ్‌ది, బ్యాంకు ఉద్యోగం.
మొదటి వారం కిటికీ తెరిచింది.
రెండో వారం ఏమీ అనలేదు.
మూడో వారం మెల్లగా అడిగింది:
కానాగంతలు పెట్టె ఎంతకిస్తారక్కా?

నేను కోల్డ్ స్టోరులో రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్ని.
సున్నాకి ఇరవై డిగ్రీల కింద
నిలబడి చదివాను ధరల సిద్ధాంతం.
చలికి పెన్ను మొరాయిస్తుంది;
చంకలో పెట్టుకుని వెచ్చబెడతాను,
అది దారికొచ్చేలోపు రాయాల్సింది మరిచిపోతాను.
కరెంటు పోయిన రాత్రుల సంగతి వేరు.
తలుపు తెరవకండని అరవాలి,
జెనరేటరు దగ్గరికి పరుగెత్తాలి,
లోపలి మంచు ఇంకెంతసేపు ఓర్చుకుంటుందో
చీకట్లోనే లెక్క కట్టాలి.
రిస్క్ మేనేజ్‌మెంట్ మీద పుస్తకంలో పదహారు పేజీలున్నాయి.
ఒక్క పేజీకీ డీజిల్ వాసన లేదు.

మా సెనాను తొమ్మిదేళ్ళవాడు.
ఆదివారం పొద్దున నా అట్టముక్కలు చేతపట్టి,
గొంతు బొంగురు చేసుకుని
నాకు పరీక్ష పెడతాడు.
"అవకాశ వ్యయం అంటే?"
ఒకటి ఎంచుకుంటే, వదులుకున్న రెండోదాని విలువ.
"ఉదాహరణ చెప్పు."
నేను చెప్పను.
వాడి ఫుట్‌బాల్ ఫైనలు నిన్న సాయంత్రమే అయిపోయింది.
వాడూ రెట్టించడు, అట్ట తిప్పేస్తాడు.

రెండో సెమిస్టరులో ఇచ్చిన అసైన్‌మెంటు:
నష్టాల్లో ఉన్న సంస్థను తీసుకోండి,
ఖర్చు తగ్గే దారి చూపండి.
నాకు తెలిసిన సంస్థ ఒక్కటే.
పేరు మార్చాను, ఊరు మార్చాను,
చేపల్ని కోడిమాంసం చేశాను.
మూడో పట్టికలో రాశాను:
రాత్రి లోడింగు, ముగ్గురు మనుషులు.
వాళ్ళ బదులు ఒక ఫోర్కులిఫ్టు కొంటే
పద్నాలుగు నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది.
అంకెలు కుదురుగా కూర్చున్నాయి,
పెళ్ళి పంక్తిలో పెద్దమనుషుల్లా.

ఎనభై ఏడు మార్కులు.
ప్రొఫెసర్ అగ్యార్కో తరగతిలో చదివి వినిపించాడు.
ఆ రాత్రి ట్రోట్రోలో కిటికీ పక్క సీటు దొరికింది.
ఆషైమాన్ మలుపు దాకా
ఊరంతా నాదే అనిపించింది.

సోమవారం మేడం లాంప్టీ పిలిచింది.
నా ఫీజులో సగం ఆవిడే కడుతోంది.
"ఎనభై ఏడటగా! ఆ కాగితాలు నాకూ ఇవ్వు, చదువుతాను."
నవ్వుతూనే అంది. మంచి మనిషే ఆవిడ.
కోడిమాంసం మళ్ళీ చేపలైపోవడానికి
ఎంతోసేపు పట్టదని
అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఆ రాత్రి షిఫ్టుకి ముగ్గురూ వచ్చారు.
టెట్టే పెట్టెలు మోస్తూ పాడతాడు,
పాట పళ్ళ మధ్య గడ్డకట్టి తునకలుగా రాలుతుంది.
యాకుబు ఎడమచేతికి రెండు వేళ్ళే ఆడతాయి,
మిగతావి ఎప్పుడో ఈ గదికే ఇచ్చేశాడు.
ముసలి అడ్జెటే,
నేను పుస్తకం తీస్తే చాలు, తలుపుకి అడ్డంగా నిలబడి
ఎవర్నీ రానివ్వడు.
"మేడం పరీక్షకి చదువుతోంది" అంటాడు,
తనే రాయబోతున్నట్టు.

తెల్లవారుజామున పట్టిక తెరిచాను.
కొట్టేయలేదు. లెక్క తప్పు కాదు మరి.
అడుగున, ఎవరూ చదవని "ఊహలు" అనే చోట
మూడు పేర్లు రాశాను, ఇంటిపేర్లతో సహా.
దాని కింద ఇంకొక వాక్యం:
కరెంటు పోయిన రాత్రి
ఫోర్కులిఫ్టు జెనరేటరు దగ్గరికి పరుగెత్తదు.
ఇది విశ్లేషణా, బతిమాలడమా?
తేల్చుకోలేక ప్రింటు తీశాను.

మేడం గది తలుపు ఇంకా తెరవలేదు.
అడ్జెటే కెంకే పొట్లం విప్పి సగం నా చేతిలో పెట్టాడు.
"ఎన్నొచ్చాయి?"
చెప్పాను.
కాసేపు నమిలి, అడిగాడు:
"మిగతా పదమూడూ ఎక్కడ పోయాయి?"